తొమ్మిదో వారంలో గర్భం పోయింది: స్కూటర్ కారణమా, చిమ్మిలి కారణమా?

పల్నాడు కోడలు (ప్రశ్న):
నా వయసు 29. నరసరావుపేట దగ్గర ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతాను. మొదటి గర్భం. గత నెల తొమ్మిదో వారంలో స్కాన్‌కు వెళితే పిండానికి గుండె చప్పుడు లేదన్నారు. పరిమాణం ఆరు వారాల నాలుగు రోజులకు సరిపోతుందని రిపోర్టులో రాశారు. ఎనిమిదో వారంలో బడికి వెళ్తుండగా స్కూటర్ గుంతలో పడి గట్టిగా కుదిపిందని అత్తగారు, దానికి రెండు రోజుల ముందు తిన్న చిమ్మిలి వేడి చేసిందని తోడికోడలు అంటున్నారు. నన్ను ఎవరూ తిట్టడం లేదు, కానీ ఇంటికి వచ్చిన ప్రతి చుట్టానికీ ఈ రెండు సంగతులూ మొదటి నుంచి మళ్లీ చెబుతున్నారు. మా వారికి పురుగుమందుల దుకాణం ఉంది, రోజుకు ఐదారు సిగరెట్లు కాలుస్తారు. ఆ ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. మళ్లీ ప్రయత్నించే ముందు నిజంగా మార్చుకోవలసినవి ఏమిటో తెలిసినవారు చెప్పగలరా?

విశ్రాంత నర్సు:
అమ్మా, సగం జవాబు మీ రిపోర్టులోనే ఉంది. పిండం ఆరున్నర వారాల దగ్గరే ఎదగడం మానేసింది, స్కూటర్ కుదిపింది ఎనిమిదో వారంలో. ముందే ఆగిపోయినదానికి తర్వాత జరిగినది కారణం ఎలా అవుతుంది? చిమ్మిలికీ ఇదే లెక్క. పైగా ఆ వారాల్లో గర్భాశయం కటి ఎముకల మధ్య భద్రంగా ఉంటుంది కనుక, గుంతల రోడ్డు మీద మామూలు ప్రయాణం నడుము నొప్పి తేవచ్చు గానీ గర్భాన్ని జార్చదు. నిర్ధారణ అయిన గర్భాల్లో నూటికి పది నుంచి ఇరవై దాకా పోతాయి, అందులోనూ ఎక్కువ భాగం మొదటి 12 వారాల్లోనే; అలా తొలి వారాల్లో పోయినవాటిలో దాదాపు సగానికి క్రోమోజోముల తేడాయే కారణం, దానికి తల్లి తినే తిండితో సంబంధం లేదు. వయసుతో ఈ ప్రమాదం పెరుగుతుంది: ఇరవైల్లో నూటికి పది చొప్పున ఉండేది నలభై దాటాక మూడో వంతుకు చేరుతుంది.

ఒక్కసారి పోయినందుకు పెద్ద పరీక్షలన్నీ అక్కర్లేదు. థైరాయిడ్, షుగర్ చూపించుకోండి, కాఫీ రోజుకు రెండు కప్పులు దాటనివ్వకండి. ఫోలిక్ యాసిడ్ 400 మైక్రోగ్రాములు ఇప్పటి నుంచే మొదలుపెట్టవచ్చు. అది బిడ్డకు వెన్నుపాము లోపాలు రాకుండా కాపాడేదే తప్ప గర్భస్రావాన్ని ఆపే మందు కాదు, ఈ రెండింటినీ చాలామంది కలిపేస్తారు.

మిర్చి రైతు ఇల్లాలు:
పురుగుమందుల సంగతి తేలిగ్గా తీసుకోకండి. మా ఆయన మందు కొట్టి వచ్చిన చొక్కాను నేను ఇంట్లో అందరి బట్టలతో పాటే ఒక్క బకెట్‌లో నానబెట్టి, వట్టి చేతులతో ఉతికేదాన్ని. సబ్బు నురగలోంచి కూడా ఆ మందు ఘాటు ముక్కుకు తగిలేది. పొలాల్లో పనిచేసే కుటుంబాలపై జరిగిన కొన్ని అధ్యయనాల్లో గర్భం రాకముందు తగిలిన మందులకూ గర్భస్రావానికీ సంబంధం కనిపించింది. మీవారిని దుకాణంలోనే చొక్కా మార్చుకుని, చేతులు కడుక్కుని రమ్మనండి, ఆ బట్టలు విడిగా ఉతకండి.

ఎండ గురించి కూడా ఒక మాట. చెన్నైలోని శ్రీరామచంద్ర సంస్థ తమిళనాడులో 800 మంది గర్భిణులను పరిశీలించగా, తీవ్రమైన వేడిలో పనిచేసేవారికి గర్భం పోయే ప్రమాదం దాదాపు రెట్టింపని తేలింది. ఆ ఫలితాలు 2024లో వచ్చాయి. మీకు బడి పైకప్పు అయినా ఉంది. మా చేలో మిర్చి కోతలకు వచ్చే కూలీల్లో నెల తప్పినవాళ్లు ఉంటే వాళ్లకు చెట్టు నీడ కూడా దొరకదు, వాళ్ల కడుపు పోతే ఏ చిమ్మిలి తిన్నావని కూడా ఎవరూ అడగరు.

ఒక భర్త, హైదరాబాదు:
సిగరెట్లు ఐదారే కదా అనుకోవద్దు. పక్కనున్నవారు పీల్చే పొగ కూడా గర్భానికి చేటే. అదీ కాక శుక్రకణాలు తయారు కావడానికి దాదాపు రెండున్నర నెలలు పడుతుంది కనుక, మానేయడం నెల తప్పిన తర్వాత కాదు, కనీసం మూడు నెలల ముందే జరగాలి. మాకు రెండుసార్లు పోయాక గానీ నాకు ఈ విషయం ఎవరూ చెప్పలేదు, డాక్టరు గారు ప్రతిసారీ మా ఆవిడనే ప్రశ్నించారు. గాలిలోని సన్నటి ధూళికీ దక్షిణాసియాలో గర్భనష్టాలకూ ముడి ఉందని 2021లో ఒక పెద్ద అధ్యయనం చూపింది. నగరం ధూళిని నేను ఆపలేను కదా, అందుకని ముందు జేబులో ఉన్న పెట్టెను వదిలేశాను.

పల్నాడు కోడలు:
అందరికీ ధన్యవాదాలు. నర్సు గారి లెక్కను రిపోర్టు ముందు పెట్టి అత్తగారికి వివరించాను. ఆవిడ తేదీలు వేళ్ల మీద రెండుసార్లు లెక్కపెట్టుకుని, "అయితే స్కూటర్ కాదన్నమాట" అన్నారు. మా వారు దుకాణంలో ఒక జత బట్టలు ఉంచుకోవడానికి ఒప్పుకున్నారు, సిగరెట్ల మాట ఇంకా తేలలేదు. సోమవారం థైరాయిడ్ పరీక్షకు ఇద్దరమూ కలిసి వెళ్తున్నాం.