యూనా కిమ్, మావో అసాడా: ఇద్దరినీ దేనితో తూచాలి?

అందరికీ నమస్కారం. మాది విశాఖపట్నం. మా అమ్మాయి ఉడా పార్క్ రింక్‌లో చక్రాల స్కేట్లమీద ఆర్టిస్టిక్ స్కేటింగ్ నేర్చుకుంటోంది. మంచు మీద ఆడేవాళ్ల వీడియోలు చూసి చూసి ఇప్పుడు తనకి జపాన్ ఫిగర్ స్కేటర్ మావో అసాడా అంటే ప్రాణం. నాకేమో దక్షిణ కొరియా స్కేటర్ యూనా కిమ్. ఇంట్లో రోజూ ఇదే వాదన.

ఇద్దరూ 1990 సెప్టెంబరులోనే పుట్టారు. 2010 వాంకూవర్ ఒలింపిక్స్‌లో కిమ్ 228.56 పాయింట్లతో స్వర్ణం గెలిచింది, అసాడా 205.50తో రజతం. కానీ ప్రపంచ టైటిళ్లు చూస్తే కిమ్‌కి రెండు (2009, 2013), అసాడాకి మూడు (2008, 2010, 2014). పైగా వాంకూవర్‌లో అసాడా మూడు ట్రిపుల్ ఆక్సెల్స్ వేసింది. ముందుకు తిరిగి ఎగిరి గాల్లో మూడున్నర చుట్లు! కిమ్ అసలు ఆ జంప్ జోలికే పోకుండా, ట్రిపుల్ లట్జ్–ట్రిపుల్ టో లూప్ జోడీని (వెంటవెంటనే వేసే రెండు మూడు చుట్ల జంప్‌లు) వేగంగా, శుభ్రంగా చేసి గెలిచింది. నా దృష్టిలో అదే గొప్ప.

అయితే 2014 సోచీ ఒలింపిక్స్‌లో అసాడా షార్ట్ ప్రోగ్రామ్‌లో (పోటీలో మొదట చేసే చిన్న ప్రదర్శన) 16వ స్థానానికి పడిపోయి, మర్నాడు అద్భుతంగా ఆడి ఆరో స్థానానికి వచ్చింది. ఆ ఫ్రీ స్కేట్ (రెండోసారి చేసే పొడవైన ప్రదర్శన) చూస్తే నాకూ కళ్లు చెమర్చాయి. అక్కడ కిమ్‌కి రజతం వచ్చింది.

స్కేటింగ్ తెలిసినవాళ్లు చెప్పండి: తర్వాతి తరం ఆటని ఎక్కువగా మార్చింది ఎవరు? చక్రాలమీద నేర్చుకునే పిల్ల ముందుగా ఎవరి ఆటని గమనించాలి, ఏ ప్రోగ్రామ్‌తో మొదలుపెట్టాలి?