బీటెక్ మధ్యలో ఆపేసినవాళ్లు డిగ్రీ పూర్తిచెయ్యాలంటే: పాత క్రెడిట్లు మోసుకెళ్లాలా, కొత్తగా కట్టాలా?

కరకట్ట

ముప్పై దాటాక మళ్లీ డిగ్రీ ధ్యాస పట్టేవాళ్లలో బీటెక్ రెండో ఏడో మూడో ఏడో వదిలేసినవాళ్లు బోలెడుమంది. వాళ్లకి జనం చెప్పే సలహా ఒక్కటే, "ఓపెన్‌లో బీఏ కట్టెయ్, మూడేళ్లలో అయిపోద్ది" అని. పాసైన సబ్జెక్టులన్నీ గంగలో కలిపి మళ్లీ ఒకటో పేపరు నుంచి రాయడం దేనికి? యూజీసీ 2021 జులైలో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ నిబంధనలు తెచ్చింది ఇందుకే కదా. డిజీలాకర్‌లో 12 అంకెల ఐడీ తీసుకుంటే పాసైన సబ్జెక్టుల క్రెడిట్లు (ఒక్కో సబ్జెక్టుకి ఇన్ని అని లెక్కగట్టే పాయింట్లు) అందులో జమవుతాయి. ఏడేళ్ల దాకా చెల్లుతాయి. డిగ్రీ ఇచ్చే యూనివర్సిటీలో సగమైనా సంపాదించాలన్నది షరతు, అంటే మిగతా సగం బయటినుంచి తెచ్చుకోవచ్చు. నా ఓటు బదిలీకే. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

సప్లీ సుబ్బయ్య

కారణం తారీఖులోనే ఉంది కరకట్ట గారూ. ఆ బ్యాంకు లెక్కలోకి వచ్చేవి 2021-22 విద్యాసంవత్సరం నుంచి సంపాదించిన క్రెడిట్లే. మీరు చెప్పే ముప్పై దాటినాయన బీటెక్ వదిలేసింది 2012లోనో 2016లోనో. ఆయన ఖాతా తెరిస్తే సున్నా. మామూలు డిగ్రీ వదిలేసినవాళ్ల సంగతి ఇంకా ముందే తేలిపోయింది. ఆంధ్రలో 2015కి ముందు, తెలంగాణలో 2016కి ముందు చేరినవాళ్లది ఏడాదికోసారి పరీక్షల పద్ధతి. మార్కుల మెమో ఉంటుంది, అందులో క్రెడిట్ అన్న మాటే ఉండదు.

సరే, క్రెడిట్లున్నాయనే అనుకుందాం. జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్18 (2018 నుంచి చేరినవాళ్లకి వర్తించే రెగ్యులేషన్, అంటే సిలబస్, పరీక్షల నిబంధనలు) మెమో ఒకటి ముందు పెట్టుకుని, దాన్ని ఓపెన్ యూనివర్సిటీ ఇగ్నో పాత 132 క్రెడిట్ల బీఏలోకి మార్చి చూడండి. మొదటి ఏడు ఇంగ్లిష్ థియరీకి 2 క్రెడిట్లు. ఇగ్నోలో ఇంగ్లిష్ కమ్యూనికేషన్ పేపరుకి 4. నాలుగు పట్టే డబ్బాలో రెండు పోసి నిండిందని ఎవరూ రాసివ్వరు. ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ రెండు చోట్లా ఉంది కదా అంటారా? ఆర్18లో అది తప్పనిసరి సబ్జెక్టే గానీ క్రెడిట్లు సున్నా, పాసయితే చాలు. ఇగ్నోలో అదే 4 క్రెడిట్ల పేపరు. సున్నాని ఎక్కడికి మోసుకెళ్లినా సున్నానే.

పోనీ బీఎస్సీ మ్యాథ్స్‌కి వెళ్దాం. బీటెక్ మొదటి మ్యాథ్స్ పేపరు ఎం1కి 4 క్రెడిట్లున్నాయి. దాని ఐదు యూనిట్లలో మొదటి రెండూ మాత్రికలు, ఐగెన్ విలువలు, మూడోది అనుక్రమాలు, శ్రేణులు, చివరి రెండే కలనం. అక్కడేమో కలనం ఒక్కటే 6 క్రెడిట్ల పేపరు. యూనిట్‌కి యూనిట్ పక్కన పెట్టి చూసే ప్రొఫెసర్ దీన్ని ఒప్పుకుంటారా? డేటా స్ట్రక్చర్లు, సర్క్యూట్లు, థర్మోడైనమిక్స్ అయితే బీఏలో దింపడానికి చోటే లేదు.

ఇంకోటి. రెండు పేపర్లు మినహాయించినా ఇగ్నో బీఏకి కనీస వ్యవధి మూడేళ్లే. రాయాల్సిన పేపర్లు తగ్గుతాయి, పట్టా వచ్చే ఏడాది మారదు. ఆ రెండు పేపర్ల కోసం దరఖాస్తు, సిలబస్ నకళ్లు, ఎదురుచూపులు. ఈలోపు జులై అడ్మిషన్ దాటిపోయి జనవరికి పడుతుంది. లాభమెక్కడ?

కరకట్ట

బీటెక్ నుంచి బీఏకి లెక్కేశారు. ఓడిపోయేలాగే పెట్టిన పందెం అది. బీకాం నుంచి బీకాంకి వెయ్యండి చూద్దాం. 2022లో చేరి, రెండేళ్లు పూర్తిచేసి, పెళ్లో ఉద్యోగమో అడ్డొచ్చి ఊరు మారిన అమ్మాయిని తీసుకోండి. యూజీసీ కొత్త డిగ్రీ చట్రంలో ఏడాదికి 40 చొప్పున 80 క్రెడిట్లు చేతిలో ఉంటాయి. ఆ 80కి 4 క్రెడిట్ల వృత్తి కోర్సు కూడా ఉంటే యూజీ డిప్లొమాతో బయటికి రావచ్చు, మూడేళ్లలోపు తిరిగి చేరొచ్చు, మొత్తం ఏడేళ్లలో ముగించాలి. ఇలాంటివాళ్లని కూడా "మళ్లీ మొదటినుంచి కట్టు" అంటే అన్యాయం. ఫైనాన్షియల్ అకౌంటింగ్ హైదరాబాద్‌లోనైనా విశాఖలోనైనా ఫైనాన్షియల్ అకౌంటింగే.

సప్లీ సుబ్బయ్య

ఆ అమ్మాయి విషయంలో ఒప్పుకుంటా. కాకపోతే మీరే చెప్పిన సగం షరతు మర్చిపోయారు. 120 క్రెడిట్ల డిగ్రీలో 60 కొత్త చోటే సంపాదించాలి. చేతిలో 80 ఉన్నా వాడకానికి వచ్చేవి 60, మిగతా 20 బ్యాంకులో మురిగిపోతాయి. మిగిలింది ఒక ఏడాది కాదు, ఏడాదిన్నర చదువు. అది ముందే చెప్పకపోతే ఇంట్లో "ఒక్క ఏడాదేగా" అని లెక్కలేసుకుంటారు.

పల్లెవెలుగు

ఇద్దరూ వాదించుకుంటూ మూడో దారి వదిలేశారు. క్రెడిట్లని కదపకుండా, ఉన్నచోటే పూర్తిచెయ్యడం. బీటెక్‌వాళ్లకి ముందు అడగాల్సిన ప్రశ్న: నాలుగేళ్లూ క్లాసులకి వెళ్లి బ్యాక్‌లాగులు మిగిలాయా, లేక మధ్యలోనే కాలేజీ మానేశారా? రెండూ వేరు కేసులు.

నాలుగేళ్ల హాజరు పూర్తయి సబ్జెక్టులు మిగిలినవాళ్లకి క్లాసుల బాధ లేదు. సప్లిమెంటరీ ఫీజు కట్టి రాసుకోవడమే. అక్కడ శత్రువు గడువు. ఆర్18 ప్రకారం చేరిన ఏడాది నుంచి ఎనిమిది విద్యాసంవత్సరాల్లో ముగించాలి, లేదంటే సీటు పోతుంది. 2018-19లో చేరినవాళ్లకి 2025-26తో ఎనిమిదీ నిండుతాయి. గడువు దాటినవాళ్ల కోసం యూనివర్సిటీలు అప్పుడప్పుడూ "వన్ టైమ్ ఛాన్స్" పరీక్షలు పెడుతుంటాయి గానీ అది వాళ్ల దయ, మన హక్కు కాదు. నోటిఫికేషన్ వచ్చినప్పుడు దొరికే రోజులు తక్కువ. అందుకే హాల్‌టికెట్ నంబరు, పాత మెమోలు అన్నీ ఒకచోట పెట్టుకుని ఉండాలి.

మధ్యలో మానేసినవాళ్లది రీఅడ్మిషన్. ఆగిపోయిన సెమిస్టర్ మొదలయ్యేలోపు కాలేజీలో దరఖాస్తిస్తే ప్రిన్సిపాల్ యూనివర్సిటీకి పంపుతారు. ఇక్కడ జనం బోల్తాపడేది రెగ్యులేషన్ దగ్గర. ఆర్18లో వదిలేసి ఇప్పుడొస్తే కూర్చునేది ఆర్22 లాంటి కొత్త రెగ్యులేషన్ బ్యాచ్‌తో. మీరు రెండో ఏడులో పాసైన సబ్జెక్టు వాళ్లకి మూడో ఏడులో ఉండొచ్చు, వాళ్లు రెండో ఏడులోనే చదివేసింది మీరసలు చూసి ఉండకపోవచ్చు. వాటికి సబ్‌స్టిట్యూట్ సబ్జెక్టులు యూనివర్సిటీయే ఖరారు చేస్తుంది. ఆ జాబితా కాగితం మీద చేతికి రాకుండా ఫీజు కట్టొద్దు. 75 శాతం హాజరు మళ్లీ మామూలే. ఆరోగ్య కారణాలకి పది శాతం దాకా మాఫీ ఉంటుంది, ఉద్యోగం ఉందంటే మాఫీ ఉండదు. పగలు డ్యూటీ చేసేవాళ్లకి ఈ దారి మూసుకునేది ఇక్కడే.

పాలిటెక్నిక్ చేసి ఏడాదైనా ఉద్యోగ అనుభవం ఉన్నవాళ్లయితే ఇంజినీరింగ్ కాలేజీలకి అనుమతులిచ్చే ఏఐసీటీఈ 2023-24 నుంచి ఒప్పుకున్న వర్కింగ్ ప్రొఫెషనల్స్ బీటెక్ చూడండి. నేరుగా రెండో ఏడులోకి వెళ్తారు. సబ్జెక్టుల పోలిక గొడవే లేదు, డిప్లొమా మొత్తం ఒక ఏడాది కింద లెక్క.

నిదానం

ఏ దారైనా ముందు పేరు చూసుకోండయ్యా. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో పొడి అక్షరం ఒక్కటే, కాలేజీ రికార్డులో ఇంటిపేరు చివర. మన దగ్గర సగం మంది కాగితాలు ఇంతే. డిజీలాకర్ ఆధార్‌లో పేరు తీసుకుంటుంది, యూనివర్సిటీ పదో తరగతి మెమో ప్రకారం పేరు ఎక్కిస్తుంది. రెండూ కలవకపోతే ఐడీ ఉంటుంది, క్రెడిట్లు మాత్రం వచ్చి పడవు. దిద్దాల్సింది ఆధార్‌ని, మెమోని ఆధారంగా చూపించి. తిరగేసి మెమో మార్పించాలని బయల్దేరితే ఏళ్లు పడుతుంది.

క్రెడిట్లు ఎవరికి వాళ్లు ఎక్కించుకోవడం కూడా కుదరదు. ఎక్కించేది చదివిన సంస్థే. కాబట్టి ఖాతా ఖాళీగా ఉంటే డిజీలాకర్‌కి ఫిర్యాదులు రాయడం మాని పాత యూనివర్సిటీ పరీక్షల విభాగానికి రాయండి: హాల్‌టికెట్ నంబరు, సెమిస్టర్, మెమో నకలు జతచేసి.

కాలేజీ ఫీజు బకాయి పేరుతో ఒరిజినల్స్ అట్టిపెట్టుకుంటే, సర్టిఫికెట్లు నిలిపివేయొద్దని యూజీసీ 2018లో ఇచ్చిన నోటీసు ఉంది. దాని నకలు పెట్టి ప్రిన్సిపాల్‌కి రాతపూర్వకంగా ఇవ్వండి, అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి. నోటిమాటతో టీసీ కదలదు.

కరకట్ట

సుబ్బయ్య గారి డబ్బాల లెక్కకి విరుగుడు కేంద్రం నడిపే ఆన్‌లైన్ వేదిక 'స్వయం' కోర్సులు కదా. ఒక ప్రోగ్రామ్‌లో సెమిస్టర్‌కి 40 శాతం దాకా ఆన్‌లైన్ కోర్సులకి యూజీసీ 2021 నిబంధనల్లో వీలిచ్చింది. పాతవి చెల్లకపోతే కొత్తవి సంపాదించుకోవచ్చు. స్వయంలో ఐఐటీలవాళ్లు నడిపే ఎన్‌పీటెల్‌లో 12 వారాల కోర్సుకి సాధారణంగా 3 క్రెడిట్లు, చేరడానికి రూపాయి అక్కర్లేదు, పరీక్షకి వెయ్యి.

సప్లీ సుబ్బయ్య

వీలిచ్చింది అన్నారు, నిజమే. ఆ వీలు వాడుకోవాల్సింది మీరు చేరిన యూనివర్సిటీ. ఏ కోర్సులు ఒప్పుకుంటామో ప్రతి సెమిస్టర్ ముందే ప్రకటించాలి, ఆ జాబితాలో ఉన్నదే చెయ్యాలి. ఎక్కడా చేరకుండా ముందుగానే ఆరు కోర్సులు చేసిపెట్టుకుంటే మిగిలేది ఆరు సర్టిఫికెట్లు, డిగ్రీలో ఒక్క క్రెడిటూ కాదు. పరీక్ష రాసే ముందు ఇంకోటి చూసుకోండి: అసైన్‌మెంట్లకి 25, పరీక్షకి 75. 25కి కనీసం 10, 75కి కనీసం 30 విడివిడిగా రావాలి. 12 వారాల్లో మంచి 8 అసైన్‌మెంట్లే లెక్కలోకొస్తాయి కదా అని మొదటి నాలుగూ వదిలేసేవాళ్లు, తర్వాత ఒక్క వారం తప్పినా ఆ లెక్కలో సున్నా వేసుకోవాల్సిందే.

పల్లెవెలుగు

"క్రెడిట్ ట్రాన్స్‌ఫర్" అన్న మాట అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ గోడల మీద చాన్నాళ్లుగా ఉంది. "బీటెక్ డిస్కంటిన్యూ? ఒకే ఏడాదిలో డిగ్రీ". అడిగితే పాత క్రెడిట్లు మార్చామంటారు, చేతికిచ్చే మెమోల మీద వెనకటి తారీఖులుంటాయి. పట్టుకోవడం కష్టం కాదు. దూరవిద్యలో బీటెక్‌కి అనుమతే లేదు, కాబట్టి దూరవిద్య బీటెక్ అన్నవాడి దగ్గర్నుంచి అక్కడే లేచి వచ్చెయ్యండి. మిగతా డిగ్రీలకి యూనివర్సిటీ పేరు ఒక్కటే చూస్తే చాలదు. ఆ ప్రోగ్రామ్‌కి, ఆ విద్యాసంవత్సరానికి యూజీసీ దూరవిద్య బ్యూరో అనుమతి ఉందా అని మూడూ కలిపి చూడాలి. దూరవిద్య, ఆన్‌లైన్ అడ్మిషన్లకి ఇప్పుడు డెబ్ ఐడీ (ఆ బ్యూరో పోర్టల్‌లో తీసుకునే నంబరు) కూడా తప్పనిసరి, దాన్ని విద్యార్థి తానే తీసుకోవాలి. అదేం అక్కర్లేదు, మేమే చూసుకుంటాం అన్నాడంటే వాడు అమ్మేది డిగ్రీ కాదు.

సరైన అనుమతితో చేసిన దూరవిద్య డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమని యూజీసీ 2020 నిబంధనల్లోనే ఉంది. గ్రూప్స్‌కి పనికిరాదేమోనన్న భయంతో బదిలీ కోసం పట్టుబట్టేవాళ్లు ఈ ముక్క గుర్తుంచుకోవాలి. తెలుగు మీడియంలో పుస్తకాలు కావాలంటే అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉండనే ఉంది, దేశంలో మొట్టమొదటి ఓపెన్ యూనివర్సిటీ, 1982 నుంచీ నడుస్తోంది.

కరకట్ట

సరే, 2021కి ముందు వదిలేసిన బీటెక్‌వాళ్ల విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నా. ఒకే కోర్సు నుంచి అదే కోర్సుకి, ఆ తర్వాతి క్రెడిట్లున్నవాళ్లకి మాత్రం బదిలీయే మేలు. వాళ్లు ఎలా అడగాలో చెప్పండి మరి.

సప్లీ సుబ్బయ్య

ఒక తెల్లకాగితం మీద గళ్లు గీయండి. పాత సబ్జెక్టు పేరు, కోడ్, క్రెడిట్లు, గ్రేడ్, పాసైన నెల, ఏడాది. ఎదురుగా కొత్త చోట దానికి సరిపోయే పేపరు, దాని క్రెడిట్లు. సరిపోయేది కనిపించకపోతే ఆ గడి ఖాళీగా వదిలెయ్యండి, అబద్ధం నింపొద్దు, ఒక్కటి తేలితే మిగతావీ అనుమానంగానే చూస్తారు. మీరు చదివిన రెగ్యులేషన్ సిలబస్ నకలు జతచెయ్యండి. ఇప్పటి సిలబస్ పెడితే పనికిరాదు, చాలా దరఖాస్తులు తిరిగొచ్చేది ఇందుకే. ఫీజు కట్టకముందే రిజిస్ట్రార్‌కి పంపి, వీటిలో ఎన్ని క్రెడిట్లు ఒప్పుకుంటారో, ఏ సెమిస్టర్‌లో కూర్చోబెడతారో రాసివ్వమని అడగండి. "చేరండి, తర్వాత చూద్దాం" అన్నారంటే సున్నా కింద లెక్కేసుకుని, మొదటినుంచి చదివినా అక్కడ చేరతారా అని ఆలోచించుకోండి.

నిదానం

ఆ ఉత్తరం రిజిస్టర్డ్ పోస్టులో. రసీదు పారెయ్యొద్దు.