«హమ్»కి తెలుగు: ఝంకారమా, రొదా, హోరా?

ప్రశ్న: పల్సార్ల (గిర్రున తిరుగుతూ క్రమం తప్పక రేడియో స్పందనలు పంపే మృతనక్షత్రాల) సాయంతో గురుత్వ తరంగాలను (స్థలకాలంలో సాగే అలలను) పట్టే పని గురించి తెలుగులో వ్యాసం రాస్తున్నాను. 2023 జూన్‌లో వచ్చిన ఇంగ్లీషు వార్తలు అలా దొరికినదాన్ని «హమ్» (ఆగకుండా సాగే సన్నటి మోత) అన్నాయి. «విశ్వ ఝంకారం కనిపెట్టారు» అని రాశాను గానీ చెవికి ఆనడం లేదు. మీరేమంటారు?

జవాబు: ఝంకారం తుమ్మెదది, వీణది. రొద అనండి, సరిపోతుంది.

మరో జవాబు: రొద వద్దండీ. ఆ మాటను ఈ వ్యాసంలోనే ఇంకోచోటికి దాచుకోవాలి. మిల్లీసెకను పల్సార్లు సెకనుకు వందల సార్లు తిరుగుతాయి, వాటి రేడియో స్పందన ఎప్పుడు చేరుతుందో ముందే లెక్కకట్టవచ్చు. మధ్యలో గురుత్వ తరంగం సాగితే ఆ రాక నానోసెకన్ల లెక్కలో ముందు వెనకలవుతుంది. కానీ పల్సార్ తిరుగుడులోని తడబాటూ, దారిలో తగిలే ఎలక్ట్రాన్లూ కూడా ఆ రాకను చెదరగొడతాయి. ఏరి పారేయవలసింది అదీ. రొద అంటే అది.

మిగిలేదాన్ని గుర్తుపట్టేది జంటలను బట్టి. 1983లో హెల్లింగ్స్, డౌన్స్ చూపించారు: ఆకాశంలో దగ్గరగా ఉన్న రెండు పల్సార్ల స్పందనల రాకలోని తేడాలు కలిసి నడుస్తాయి, ఇంచుమించు లంబకోణంలో ఉన్నవి ఎదురు నడుస్తాయి, పూర్తిగా ఎదురెదురు దిక్కుల్లో ఉన్నవి మళ్లీ కొంత కలుస్తాయి. రొదకు ఈ పద్ధతి తెలియదు. అమెరికా బృందం నానోగ్రావ్ 67 పల్సార్లను, 15 ఏళ్ల కొలతలను పెట్టి చూసింది ఈ పద్ధతి కోసమే. ఒక్కో తరంగం దాటిపోవడానికే ఏళ్లు పడుతుంది మరి.

నా ఓటు హోరుకి. ఒడ్డున నిలబడితే ఏ అల చప్పుడు ఏదో చెప్పలేం, అన్నీ కలిసి ఒకటే హోరు. ఇక్కడా అంతే. గెలాక్సీలు కలిసిపోయినప్పుడు జతకట్టిన మహా కృష్ణబిలాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ పుట్టించే తరంగాలు కలగలిసి వస్తున్నాయని ఎక్కువమంది అంచనా. ఝంకారానికి ఒక తీగ ఉండాలి, ఒక శ్రుతి ఉండాలి. 2015లో గురుత్వ తరంగాలను పట్టే లైగో పరికరం మొదటిసారి పట్టినది ఒకే ఒక కృష్ణబిలాల జంట ఢీకొన్నది, సెకనులోపే ముగిసింది. దాన్ని మాత్రం హోరు అనకూడదు.

ఇంకోటి. «కనిపెట్టారు» తీసేయండి. అమెరికా, ఐరోపా–భారత్, ఆస్ట్రేలియా, చైనా బృందాలు నాలుగూ అప్పుడు చెప్పింది «ఆనవాళ్లు దొరికాయి» అనే. ఎంత చక్కటి మాట అది!

ప్రశ్నించినవారు: ఘోష కుదరదా?

జవాబు: ఘోష అంటే ఎవరో మొర పెట్టుకుంటున్నట్టు ఉంటుంది. ఇక్కడ మొర లేదు.

ఇంకొకరు: శాస్త్రవేత్తలు దీన్ని «బ్యాక్‌గ్రౌండ్» అంటారు కదా. నేపథ్యం అంటే మొదట నాటకంలో తెర వెనక చోటు. అక్కడినుంచి మాట వినిపిస్తుంది, మనిషి కనిపించడు. ఆ అర్థం ఇక్కడ అచ్చంగా నప్పుతుంది. «నేపథ్య హోరు» అంటే సమాసం మీద ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. సముద్రపు హోరు అన్నట్టే «నేపథ్యపు హోరు» అనండి.

ప్రశ్నించినవారు: శీర్షిక మార్చేశాను: «నేపథ్యపు హోరు – ఆనవాళ్లు దొరికాయి».