ట్రైన్ 4 గంటలు లేట్, మేం బస్సుకి వెళ్ళిపోతున్నాం, టికెట్ డబ్బులు వస్తాయా?

గోదారిగట్టు:
అందరికీ నమస్తే, కొంచెం అర్జెంట్. ఇప్పుడు రాజమండ్రి స్టేషన్లోనే ఉన్నాం, అమ్మా నాన్నా నేనూ, సికింద్రాబాద్‌కి థర్డ్ ఏసీ మూడు బెర్తులు, నా అకౌంట్ నుంచే ఆన్‌లైన్లో చేశా, కన్ఫర్మ్. 9:40కి రావాలి, సాయంత్రం చూస్తే గంట లేట్ అంది, తర్వాత రెండు, ఇప్పుడు పది కావస్తుంటే యాప్‌లో 1:35 అని చూపిస్తోంది. రేపు పొద్దున 10:30కి నాన్నకి హైదరాబాద్‌లో గుండె డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్, నెల ముందు దొరికింది అది. ఆయనేమో రిపోర్టుల సంచి ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూర్చుని వచ్చేస్తుందిలేరా అంటున్నారు, నాకు మాత్రం కాలు నిలవట్లేదు. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో (బస్టాండ్) 10:45 బస్సుకి సీట్లు ఉంటే బుక్ చేసేశా. ట్రైన్ టికెట్ క్యాన్సిల్ చేద్దామంటే చార్ట్ (ఎవరికి ఏ బెర్తో చెప్పే ఫైనల్ లిస్ట్) అయిపోయింది, అవ్వట్లేదు. బెంచీ మీద పక్కనున్నాయన చార్ట్ అయ్యాక పైసా కూడా రాదు బాబూ అంటున్నారు. మూడు టికెట్లంటే మాకు చిన్న డబ్బు కాదు, తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

కాజీపేట కుర్రోడు:
వస్తాయి బ్రో, టెన్షన్ పడకు, ముందు నాన్నగారిని బస్సెక్కించు. మనం ఎక్కాల్సిన స్టేషన్లో ట్రైన్ 3 గంటలు దాటి లేటైతే, మనం ఎక్కకపోతే, ఫుల్ రిఫండ్, తత్కాల్ అయినా ఆర్ఏసీ (ఫుల్ బెర్తు కాకుండా సీటు మాత్రమే ఖాయమైన టికెట్) అయినా అంతే. కాకపోతే అది క్యాన్సిల్‌లో ఉండదు, టీడీఆర్ వెయ్యాలి, అంటే ప్రయాణం చెయ్యలేదు, డబ్బు వెనక్కివ్వండి అని కారణం చెప్పి పెట్టే క్లెయిమ్. ఐఆర్‌సీటీసీలో నువ్వు బుక్ చేసిన టికెట్ల దగ్గరే ఫైల్ టీడీఆర్ అని ఉంటుంది, పీఎన్ఆర్ సెలెక్ట్ చేసి ముగ్గురి పేర్లూ టిక్ పెట్టు, కారణాల్లో ట్రైన్ 3 గంటలకన్నా ఎక్కువ లేటు, ప్రయాణం చెయ్యలేదు అన్నది పెట్టు, వేరేది పెట్టకు. అసలు సంగతి ఏంటంటే ట్రైన్ రాజమండ్రిలో కదిలేలోపే వేసెయ్యాలి, పొద్దున ఊరు చేరాక తీరిగ్గా వేద్దాంలే అనుకుంటే పోయినట్టే. నేను అలాగే పడుకుని పొద్దున్నే లేచి వేశా ఒకసారి, రిజెక్ట్ అయ్యింది, ఆ 1100 ఇప్పటికీ గుర్తొస్తుంది. నీ లెక్క ప్రకారం 12:40 దాటితే 3 గంటలు దాటినట్టే, అప్పుడు అలారం పెట్టుకుని వెయ్యి.

పాత రిజర్వేషన్:
తమ్ముడూ 12:40 దాకా ఆగొద్దు. రూల్ ట్రైన్ కదిలేలోపు అనే, 3 గంటలు అయ్యాకే వెయ్యాలని కాదు, నిజంగా ఎంత లేటైందో తర్వాత వాళ్ళ రికార్డు చూసి తేలుస్తారు. రాత్రిపూట హైవే మీద ఎక్కడ సిగ్నల్ పోతుందో చెప్పలేం, కాంప్లెక్స్‌లో కూర్చునే వేసెయ్. ఒక్కటే రిస్క్, దార్లో టైమ్ కవర్ చేసుకుని 2:50 లేటుతో వచ్చేస్తే మాత్రం రాదు, 1:35 అంటున్నారు కాబట్టి ఆ భయం తక్కువే. రన్నింగ్ స్టేటస్ స్క్రీన్‌షాట్ కూడా తీసి పెట్టుకో. కౌంటర్లో కొన్న టికెట్ అయితే ఆ కాగితం పట్టుకెళ్ళి ట్రైన్ వెళ్ళేలోపు కౌంటర్లోనే ఇవ్వాలి, ఇది వేరేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నా. డబ్బులు ఏ అకౌంట్ నుంచి కట్టావో దాంట్లోకే వస్తాయి, టైమ్ పడుతుంది, రెండు నెలలు కూడా పట్టొచ్చు.

లీడ్స్ తెలుగమ్మాయి:
నాన్నగారు జాగ్రత్త అండి. ఇక్కడ యూకేలో డిలే రీపే అని ఉంటుంది, చాలా ట్రైన్ కంపెనీల్లో 15 నిమిషాలు లేటైతే పావు వంతు, అరగంటైతే సగం, గంట దాటితే సింగిల్ టికెట్ మొత్తం ఇచ్చేస్తారు, అదీ మనం ప్రయాణం చేశాక, లేటుగా దిగినందుకు, 28 రోజుల్లోపు అడిగితే చాలు. మన దగ్గర ట్రైన్ ఎక్కేసి ఐదు గంటలు లేటుగా దిగితే టికెట్ డబ్బు వెనక్కి అడగడానికి ఏమీ లేదు, ఇది మారాలని నాకు గట్టిగా ఉంది, లేటు అన్నది ఎక్కనివాళ్ళకే నష్టం కాదు కదా.

పాత రిజర్వేషన్:
నిజమేనమ్మా. కానీ కోర్టు దారి ఉంది, 2021 సెప్టెంబర్లో సుప్రీంకోర్టు చెప్పింది, జమ్మూకి ట్రైన్ 4 గంటలు లేటై శ్రీనగర్ ఫ్లైట్ మిస్సయిన కుటుంబం కేసులో, లేటు తమ చేతుల్లో లేని కారణం వల్లేనని రైల్వే నిరూపించుకోకపోతే నష్టపరిహారం కట్టాల్సిందేనని. వాళ్ళు పెట్టుకున్న ట్యాక్సీకే 15,000 ఇప్పించారు. ఇంకోటి, రెండు ట్రైన్లు మారి వెళ్ళేవాళ్ళు రెండు పీఎన్ఆర్‌లూ లింక్ చేసి బుక్ చేసుకోండి, మొదటిది లేటై రెండోది మిస్సయితే దిగిన 3 గంటల్లోపు టీడీఆర్ వేస్తే ఎక్కలేకపోయిన ట్రైన్ డబ్బు వస్తుంది.

గోదారిగట్టు:
కాంప్లెక్స్‌లో కూర్చుని 10:25కి వేసేశా, నంబర్ కూడా వచ్చింది. మొదటిసారి కంగారులో అమ్మ పేరు టిక్ చెయ్యడం మర్చిపోయా, సబ్మిట్ కొట్టేముందు ఆవిడే చూసి నా పేరేదిరా అంది. బస్సు వచ్చింది, ఎక్కుతున్నాం. అందరికీ చాలా థ్యాంక్స్.

గోదారిగట్టు:
అప్‌డేట్ ఇవ్వాలని వచ్చా. ఆ రోజు ట్రైన్ రాజమండ్రికి 1:50కి వచ్చిందంట. డాక్టర్‌ని టైమ్‌కే కలిశాం, మందులు మార్చారు, నాన్న బానే ఉన్నారు. డబ్బులు 41వ రోజు పడ్డాయి, ముగ్గురి ఛార్జీ మొత్తం, బుకింగ్ అప్పుడు తీసుకునే కన్వీనియెన్స్ ఫీజు ఒక్కటే రాలేదు. ఆ మెసేజ్ నాన్నకి చూపిస్తే ఆ బెంచీ మీదాయనకి కూడా చెప్పాల్సిందిరా అన్నారు.