పడమటి కిటికీకి చేనేత రోమన్ షేడ్: వెనక లైనింగ్ కావాలా, దండగా?

పడమటిగది:
కిటికీ 4×4 అడుగులు, విజయవాడ, పడమటి ముఖం. దీనికి రోమన్ షేడ్ కుట్టాలనుకుంటున్నాను, అంటే తాడు లాగితే అడ్డమడతలుగా పైకి లేచే చదును తెర. గోడలో 4 అంగుళాల లోతుంది కాబట్టి షేడ్ ఆ గూట్లోనే బిగించొచ్చు. బట్ట మంగళగిరి నూలు గళ్లు, పన్నా 46 అంగుళాలు, రెండువైపులా 2 అంగుళాల జరీ అంచు. పైన అదే బట్టతో వాలెన్స్ (షేడ్ పైభాగాన్ని కప్పే పొట్టి తెర). ఇంట్లో మామూలు కుట్టుమిషన్ ఉంది. టైలరేమో లైనింగ్ దండగ, ఒంటిపొర చాలంటున్నారు. వీడియోల్లో అందరూ లైనింగ్ వేస్తున్నారు. పైగా కిటికీ 48, పన్నా 46. అతుకు ఎక్కడ పెట్టాలి?

కత్తెరటేపు:
లైనింగ్ వేయాల్సిందేనండి. అందం కోసమని కాదు, ఆ షేడ్ నిలబడేదే దానిమీద. మామూలు పరదా కుచ్చులుగా వేలాడుతుంది, కుట్టు వంకరపోయినా కుచ్చుల్లో కలిసిపోతుంది. రోమన్ షేడ్ పలకలా చదునుగా ఉంటుంది. మధ్యాహ్నం 3 దాటి ఎండ వెనకనుంచి కొట్టిందంటే పక్క మడతలు, అతుకు, బద్దలు (మడతలు నిలిపే అడ్డపుల్లలు) పెట్టిన జేబులు అన్నీ నల్లచారలై ముందుకి కనిపిస్తాయి.

అతుకు గురించి. బట్టని నిలువుగా వాడితే రెండు ముక్కలు తప్పవు. అప్పుడు అతుకు నట్టనడుమ రాకూడదు. నిండు పన్నా మధ్యలో ఉంచి, అటూ ఇటూ సమానంగా సన్నముక్కలు కలపాలి. మీ బట్టకి అంతకంటే మంచి దారి ఉంది: అడ్డం తిప్పేయండి. పడుగు (నిలువు పోగులు) అడ్డంగా వస్తుంది, జరీ అంచు షేడ్ అడుగున చీర కుచ్చిళ్ల దగ్గర ఉన్నట్టు నిలుస్తుంది. ఎత్తు 48 కావాలి, ఉతికాక పన్నా 45 నిలిచిందనుకుందాం. అడుగున అర, అతుకులో అర పోగా 44 మిగులుతుంది. తక్కువైన 4 అంగుళాలు పైన సాదా బట్టతో కలపండి. వాలెన్స్ 10 అంగుళాలు దిగుతుంది కాబట్టి ఆ అతుకూ, దాని కిందొచ్చే రెండో అంచూ ఎవరికీ కనపడవు.

కత్తిరింపు లెక్క: గూడు వెడల్పు పైన, మధ్యన, కింద కొలిచి తక్కువదాంట్లోంచి అర అంగుళం తీసేయండి (మన ప్లాస్టరింగ్‌లో రెండు కొలతలు కలవడం అరుదు). 47.5 వచ్చిందంటే పక్కకి 2 చొప్పున మడతలు కలిపి 51.5. కుదింపుతో సహా ఒకటిన్నర మీటరు బట్ట షేడ్‌కి సరిపోతుంది. లైనింగ్ వేరే లెక్క: వెడల్పు 47.5 కత్తిరించి పక్కలు అర అంగుళం చొప్పున మడిస్తే, ముందు బట్ట అంచుకి అర అంగుళం లోపలికి కూర్చుంటుంది. పొడవు మాత్రం 48 కాదు, 63. బద్దల జేబు ఒక్కొక్కటీ 2 అంగుళాలు తింటుంది, 5 జేబులకి 10. అడుగున బరువుకి దూర్చే పట్టీ జేబుకి 3, పైకీ కిందికీ 2. అసలు కీలకం ఇదే: జేబులన్నీ లైనింగ్‌లో ఉంటే జరీ అంచుమీద ఒక్క మిషన్ కుట్టూ పడదు. ఒంటిపొరలో ఆ జేబుల్ని మీ మంగళగిరి బట్టలోనే కుట్టాలి. 13 అంగుళాలు జేబులకి పోతే ఎత్తుకి ఏం మిగులుతుంది?

ఉతుకుడుబండ:
అందరూ లైనింగ్ అంటారు గానీ దాన్ని ఎలా ఉతుకుతారో ఎవరూ చెప్పరు. కిటికీలు తెరిచి బతికే ఊళ్లో రోడ్డు దుమ్ము రెండు పొరల మధ్యా చేరుతుంది. వానాకాలం జల్లు పడితే ఒంటిపొర గంటలో ఆరుతుంది. రెండు పొరలు, అందులోనూ వెలుగుని పూర్తిగా ఆపే రబ్బరుపూత బ్లాకౌట్ లైనింగ్ అయితే, మడతల్లో తడి నిలిచి బూజుచుక్కలు వస్తాయి. నూలుమీద బూజుచుక్క పడితే వదలదు.

ఇంకోటి, లైనింగ్ వేడిని ఆపేస్తుందన్న నమ్మకం. అద్దం దాటి లోపలికొచ్చిన ఎండ లోపలికొచ్చినట్టే. తెల్ల లైనింగ్ కొంత వెలుగుని తిరిగి అద్దంలోంచి బయటికి పంపుతుంది, అంతవరకూ ఒప్పుకుంటాను. బట్ట పీల్చుకున్నది మాత్రం వేడై గదిలోకే వస్తుంది. విజయవాడ మే నెలకి కావలసింది అద్దానికి అవతల నీడ. సజ్జా, వెదురుచాప, వట్టివేళ్ల తడిక, ఏదైనా సరే బయట కట్టండి. ఆ పని చేశాక లోపలి షేడ్ వెలుగుని మెత్తబరిస్తే చాలు, దానికి ఒంటిపొర మంగళగిరిని మించింది లేదు. చారలు కనిపిస్తాయంటారా? గళ్ల బట్టలో గడి గీతమీదే మడత వచ్చేలా కత్తిరిస్తే అది డిజైన్‌లా కనిపిస్తుంది. జేబులకి బట్ట చాలదన్న బెంగా అక్కర్లేదు. అదే రంగు నాడాని వెనక కుట్టి బద్ద దూర్చండి, ముందు బట్ట అంగుళం కూడా పోదు.

కత్తెరటేపు:
బయట నీడ కట్టాలన్న మాటకి ఎదురు చెప్పను, అది నిజం. బ్లాకౌట్ కూడా నేను చెప్పలేదు. దాని ఇబ్బందులు దానివి: సూది పడిన ప్రతి రంధ్రం ఎండలో చుక్కలా మెరుస్తుంది, కుట్టు విప్పినా మచ్చ ఉండిపోతుంది, గుండుసూదుల బదులు క్లిప్పులు పెట్టాలి, పూత మిషన్ పాదానికి అతుక్కుంటుంది. టిష్యూ కాగితం వేసి కుట్టి తర్వాత చింపేస్తే జారుతుంది గానీ, మొదటిసారి కుట్టేవాళ్లకి అది వద్దు. నేనంటున్నది తెల్ల నూలు లైనింగ్.

నాడా కుట్టినా కుట్టుగీత ముందుకి కనిపిస్తుంది, నాడా నీడ కూడా పడుతుంది. ఇక రంగు సంగతి మీరు వదిలేశారు. పడమటెండ ముఖంమీద కొట్టే చోట ముందు లైనింగే కాలుతుంది, అసలు బట్ట కాదు. పెడన కలంకారీ లాంటి సహజ రంగుల బట్టని ఒంటిపొరగా కడితే వెలుగు తగిలినచోట పాలిపోయి, మడతల్లో దాగినచోట పాతరంగు నిలిచి, అడ్డపట్టీలు తేలతాయి. అప్పుడు ఉతకడానికి ఏ చిక్కూ ఉండదు, చూడ్డానికే ఉంటుంది.

ఉతుకుడుబండ:
కలంకారీ వరకూ సరే. కానీ లైనింగ్ ఏదైనా రెండు బట్టలూ ముందే తడిపి ఆరేసి ఇస్త్రీ చేయకపోతే మొదటి ఉతుకుతో కథ ముగిసినట్టే. నూలు కుదించుకుపోతుంది, పాలిస్టర్ లైనింగ్ కుదించుకుపోదు, షేడ్ వెనక సంచిలా ఉబ్బుతుంది. నూలుకి నూలే వేసినా రెండిటి కుదింపూ ఒకటి కాదు. 20 అంగుళాల చదరం ముక్కలు రెంటినీ కత్తిరించి, ఉతికి, పడుగువైపూ పేక (అడ్డపోగుల) వైపూ విడివిడిగా కొలవండి. ఒక్క అంగుళం తగ్గినా 5 శాతం. 48 అంగుళాల షేడ్‌లో అది దాదాపు రెండున్నర.

గిలకతాడు:
లైనింగ్ గొడవ మీరు తేల్చుకోండి. మొదటి షేడ్ పాడయ్యేది లైనింగ్ వల్ల కాదు, మూలమట్టం తప్పడం వల్ల. చేనేతలో పేక కొంచెం వాలి ఉండొచ్చు. కత్తెరకి ముందు ఒక పోగు లాగి, ఆ గీత వెంబడి కత్తిరించండి. మడతలు కుట్టాక రెండు కర్ణాలూ కొలవండి. పావు అంగుళం కంటే ఎక్కువ తేడా ఉంటే విప్పాలి, ఇస్త్రీతో సరిపెట్టొద్దు. అలా వదిలేసిన షేడ్ లేపిన ప్రతిసారీ ఒక పక్కకి పోతుంది, జనం తాళ్లని తిట్టుకుంటారు.

48 ఎత్తుకి బద్దలు అడుగునుంచి 5.5, 14.5, 23.5, 32.5, 41.5 దగ్గర. బద్దకీ బద్దకీ 9. అడుగు భాగం మాత్రం అందులో సగానికి ఒక అంగుళం ఎక్కువ, ఆ అంగుళం వల్లే లేపినప్పుడు జరీ అంచు మడతల కింద నుంచి తొంగిచూస్తుంది. బద్దలకి 4 మిల్లీమీటర్ల ఫైబర్ రాడ్లు. తాడు దూరే రింగులు వెనక నాలుగు నిలువు వరసలు, పక్కవి అంచుకి 2 అంగుళాల్లో, మధ్యవి 14.5 ఎడంతో. మొత్తం 20. మిషన్‌తో కాదు, మందపాటి దారంతో చేత్తో, లైనింగ్ జేబునీ ముందు బట్టలో రెండు పోగుల్నీ కలిపి కుట్టాలి. అట్టడుగు రింగుకే తాడు ముడిపడుతుంది, బరువంతా దానిదే, అక్కడ రెట్టింపు కుట్లు వేయండి.

అడుగు పట్టీకి అంగుళం వెడల్పు, 3 మిల్లీమీటర్ల మందం అల్యూమినియం తీసుకోండి. షేడ్ వెడల్పుకి పావుకిలో ఉంటుంది. అదే కొలత ఇనుపపట్టీ దాదాపు 700 గ్రాములు తూగుతుంది, పైగా తడి తగిలితే తుప్పుమరక జరీమీద పడుతుంది. తాడు నాలుగు వరసలకి కలిపి పదిన్నర మీటర్లు, 12 కొనండి. పైన కొక్కీల బదులు గిలకలు పెట్టండి. కొక్కీల్లోంచి నాలుగు తాళ్లు ఒకే పక్కకి లాగితే రాపిడికి దూరపు తాడు వెనకబడుతుంది, షేడ్ ఏటవాలుగా లేస్తుంది.

ఒక మాట ఎవరూ చెప్పలేదు. పూర్తిగా లేపినా ఈ షేడ్ పైన 10 నుంచి 12 అంగుళాలు ఆక్రమిస్తుంది. 4 అడుగుల కిటికీలో నాలుగో వంతు ఎప్పటికీ మూతే. పరదా అయితే పక్కకి జరుగుతుంది. చీకటిగదికి రోమన్ షేడ్ వద్దు.

డాలస్_కుట్టు:
పసిపిల్లలున్న గదా? లైనింగ్ కన్నా ముందు అది చెప్పండి. అమెరికాలో 2022లో సవరించిన కిటికీతెరల ప్రమాణం 2024 జూన్ 1 నుంచి అమల్లోకొచ్చింది, ఆర్డరిచ్చి చేయించుకునే తెరలకి కూడా వేలాడే తాళ్లు ఇప్పుడు దాదాపుగా కుదరవు. కారణం పిల్లల మెడకి తాడు చుట్టుకోవడం. ఇంట్లో కుట్టేదాన్ని ఎవరూ తనిఖీ చేయరు, ప్రమాదం మాత్రం అదే. రోమన్ షేడ్‌లో లాగే తాడొక్కటే కాదు, వెనక రింగుకీ రింగుకీ మధ్య తాడుని బయటికి లాగినా ఉచ్చవుతుంది. తాడు చుట్టే కొక్కెం నేలకి కనీసం 5 అడుగుల ఎత్తులో ఉండాలి, తాళ్ల కొసలు కలిపి ముడేసి లూప్ చేయకూడదు, మంచం కిటికీ కింద ఉండకూడదు. అయిదేళ్ల లోపు పిల్లలుంటే తాళ్లే లేకుండా, పైన రెండు బట్టపట్టీలు కుట్టి షేడ్‌ని చుట్టి కట్టేయండి. దానికి ఒంటిపొరే నయం, లైనింగ్ చుట్ట లావవుతుంది.

పడమటిగది:
పసిపిల్లలు లేరండి, హాలు. పైన చెక్క, వాలెన్స్ లెక్క ఎవరైనా చెబుతారా?

చెక్కపని:
షేడ్‌కీ వాలెన్స్‌కీ ఒకే చెక్క పెట్టొద్దు. షేడ్‌ది గూట్లో పైకప్పుకి, ఒకటిన్నర అంగుళాల బద్ద. వాలెన్స్‌ది గోడమీద, 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్, 54 అంగుళాల పొడవు (కిటికీ దాటి పక్కకి 3 చొప్పున), 6 అంగుళాలు ముందుకి. మూడు ఎల్ బ్రాకెట్లు, నడిమిది మానొద్దు, లేకపోతే చెక్క ఏడాదికల్లా కుంగుతుంది. కిటికీ పైన సాధారణంగా కాంక్రీటు లింటెల్ ఉంటుంది, హామర్ డ్రిల్ లేకుండా మొదలుపెట్టకండి. రెండింటికీ వెల్క్రో: గరుకుపట్టీ చెక్కకి స్టేపుల్, మెత్తనిది బట్టకి కుట్టు. గరుకుది బట్టకి కుడితే ఉతికినప్పుడు మంగళగిరి పోగులన్నీ పీకుతుంది.

వాలెన్స్ చుట్టుకొలత 54కి రెండు పక్కలా 6 కలిపి 66. కుచ్చులకి ఒకటిముప్పావు రెట్లు వేస్తే 115 అంగుళాలు, పక్క మడతలు, కుదింపు కలిపి మూడుంపావు మీటర్లు. అంచువైపు నుంచి 12 అంగుళాల పట్టీ కత్తిరించండి. జరీ అంచే అడుగు కాబట్టి కింద మడత అక్కర్లేదు, పైన 2 మడతకి. రెండో అంచుతో ఇంకో వాలెన్స్ వస్తుంది, పక్క కిటికీకి పెట్టుకోవచ్చు. మడతల్లేని చదును వాలెన్స్ కావాలంటే వెనక బక్రం (బిరుసు బట్ట) ఇస్త్రీతో అంటించాలి, కానీ దాన్ని ఉతికితే అక్కడక్కడా ఊడి బుడగలు తేలతాయి. కుచ్చులే మేలు. చెక్క పైన ఒక బట్టముక్క కప్పండి, దుమ్ము దులపడానికి పనికొస్తుంది. బల్లులు మాత్రం ఎలాగూ కాపురం పెడతాయి.

ఉతుకుడుబండ:
అడ్డం తిప్పిన బట్టకి మాత్రం లైనింగ్ లేకపోతే అడుగు పట్టీ జేబు జరీమీద కుట్టాల్సొస్తుంది. ఆ ఒక్క షేడ్‌కి నేను తగ్గుతాను. నిలువుగా వాడేవాళ్లకి నా మాట ఒంటిపొరే.

పడమటిగది:
అడ్డంగానే కుడతానండి, తెల్ల నూలు లైనింగ్‌తో. బట్టలు రెండూ నానేశాను. అడ్డం తిప్పితే బరువంతా పేకమీద పడుతుంది కదా, సాగదా?

గిలకతాడు:
సాగొచ్చు, బట్టని బట్టి ఉంటుంది. రింగులు కుట్టకముందే తెలుసుకోండి. పక్కలు కుట్టి, లైనింగ్ కలిపి, అడుగు పట్టీ దూర్చి, వెల్క్రోతో పైన తగిలించి రెండు రోజులు వదిలేయండి. తర్వాత ఎడమ, నడుమ, కుడి కొలవండి. దిగినంత పైన సాదా ముక్కలోంచి తగ్గించాలి, అందుకే ఆ ముక్కని ఇప్పుడు 2 అంగుళాలు ఎక్కువ పెట్టుకుని కత్తిరించండి. రింగుల గుర్తులు ఆ కొలతలయ్యాకే.