పనోరమా: అతుకు కుదరడం లేదు, ఫోన్‌లో తెరుచుకోవడం లేదు

కిటికీ_వెలుగు:
పుస్తకాల గదిని 360 డిగ్రీల పనోరమాగా తీసి నా సొంత సైట్‌లో పెట్టాలని ప్రయత్నిస్తున్నాను. చూసేవాళ్లు వేలితో జరుపుతూ గదంతా చూడగలగాలి, తలుపు మీద నొక్కితే పక్క గదిలోకి వెళ్లగలగాలి. ట్రైపాడ్ మీద మామూలు కెమెరాతో తీసి, హగిన్ అనే సాఫ్ట్‌వేర్‌లో స్టిచ్ చేశాను, అంటే ఫొటోలన్నీ అతికి ఒకటిగా చేశాను. దూరంగా ఉన్న గోడ చక్కగా కలిసింది కానీ దగ్గరున్న కుర్చీ వీపు రెండుగా విరిగినట్టు వస్తోంది. పైగా 12000 × 6000 పిక్సెళ్ల ఫొటో లాప్‌టాప్‌లో బాగానే తెరుచుకుంటోంది, ఫోన్‌లో మాత్రం రావడం లేదు. పనోరమాను బ్రౌజర్‌లో చూపించడానికి వాడుతున్న వ్యూయర్ పనెల్లమ్. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

గుండ్రటి_చూపు:
ముందు కుర్చీ సంగతి చూద్దామండీ. సాఫ్ట్‌వేర్‌లో ఎన్ని కంట్రోల్ పాయింట్లు (రెండు ఫొటోల్లో ఒకే చోటును చూపే గుర్తులు) పెట్టినా ఇది తీరదు, తీసేటప్పుడే సరిచేయాలి. ట్రైపాడ్ స్క్రూ కెమెరా బాడీ కింద ఉంటుంది. కానీ కెమెరా తిరగాల్సింది లెన్స్ ఎంట్రన్స్ ప్యూపిల్ (ముందు నుంచి చూస్తే లెన్స్ లోపల కనిపించే రంధ్రం) ఉన్నచోట. ఆ రెండింటికీ తేడా ఉంటే, తిప్పినప్పుడల్లా దగ్గరి వస్తువు దూరపు వస్తువు ముందు నుంచి పక్కకు జరుగుతుంది. గోడ కలిసి, కుర్చీ కలవకపోవడానికి కారణం అదే.

కొలవడానికి ఒక సన్నటి కడ్డీ దగ్గరగా, ఇంకొకటి దూరంగా నిలబెట్టి ఫ్రేమ్‌లో ఒకే గీత మీదకు తెచ్చుకోండి. కెమెరాను కుడికి తిప్పినప్పుడు దగ్గరి కడ్డీ దూరపుదాని కంటే ఎడమకు జరిగితే కెమెరాను వెనక్కి లాగండి. కుడికి జరిగితే ముందుకు తోయండి. రెండూ కదలకుండా కలిసే ఉన్నచోట, కెమెరా కింద జరిగే పట్టా మీద గుర్తు పెట్టుకోండి. జూమ్ లెన్స్ అయితే జూమ్ మార్చినప్పుడల్లా ఆ చోటు మారుతుంది. పనోరమా హెడ్ (కెమెరాను సరైన చోటు చుట్టూ తిప్పే ట్రైపాడ్ తల) కొనడం కుదరకపోతే ముందుకీ వెనక్కీ జరిగే పట్టా ఒక్కటైనా సంపాదించండి, నా మటుకు లెన్స్ మార్చడం కంటే అదే ముఖ్యం. ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్, ఫోకస్ మూడూ మాన్యువల్‌లోనే ఉంచండి.

పిక్సెల్_పథికుడు:
ఫోన్ సమస్య వేరే. గ్రాఫిక్స్ చిప్ ఒక్క ముక్కగా తీసుకోగల బొమ్మకు హద్దు ఉంటుంది. అది ఫోన్‌ను బట్టి మారుతుంది, కొన్నింట్లో 4096, కొన్నింట్లో 8192 పిక్సెళ్లు. మీది 12000. తొందరగా పని కావాలంటే 4096 × 2048కి తగ్గించండి. డిగ్రీకి దాదాపు 11 పిక్సెళ్లు వస్తాయి, ఫోన్ తెరకు ఫర్వాలేదు. పుస్తకాల వీపుల మీద పేర్లు చదవగలగాలంటే మాత్రం మల్టీరెస్ (ఒకే ఫొటోను వేర్వేరు సైజుల్లో ముక్కలుగా పెట్టడం) చేయాల్సిందే. పనెల్లమ్‌తో వచ్చే పైథాన్ స్క్రిప్ట్ మీ ఫొటోను ఘనానికి ఉండే ఆరు ముఖాలుగా మార్చి, చిన్న చిన్న టైల్స్‌గా కోసి ఇస్తుంది. చూసేవాళ్లు ఎటు తిరిగితే అటువి మాత్రమే దిగుతాయి. ఆ స్క్రిప్ట్‌కు హగిన్‌తో వచ్చే నోనా అనే ప్రోగ్రామ్ కావాలి, అది మీ దగ్గర ఎలాగూ ఉంది.

తలుపు హాట్‌స్పాట్‌కు (నొక్కే చోటుకు) పిచ్ (పైకీ కిందకీ కోణం), యా (పక్కలకు కోణం) విలువలు ఊహించి రాయకండి. పనెల్లమ్‌లో హాట్‌స్పాట్ డీబగ్ అనే సెట్టింగ్ ఆన్ చేసి తలుపు మీద నొక్కితే అవి బ్రౌజర్ కన్సోల్‌లో కనిపిస్తాయి.

గుండ్రటి_చూపు:
ఒక్క మాట కలుపుతాను. స్టిచ్ అయిన 2:1 (వెడల్పు ఎత్తుకు రెట్టింపు) అసలు ఫొటోను టైల్స్ చేశాక తీసేయకండి, నాణ్యత తగ్గని టిఫ్ ఫైల్‌గా దాచండి. 2020 చివర్లో ఫ్లాష్ (బ్రౌజర్లలో వాడే అడోబీ ప్లగిన్) ఆగిపోయినప్పుడు, అప్పటిదాకా ఫ్లాష్ వ్యూయర్లలో ఉన్న పనోరమాలు బ్రౌజర్లలో తెరుచుకోవడం మానేశాయి. అసలు ఫొటో ఉన్నవాళ్లు కొత్త వ్యూయర్‌లోకి మార్చుకోగలిగారు. వ్యూయర్లు మారుతూనే ఉంటాయి, మీరు కష్టపడి తీసిన గది మీ దగ్గరే ఉండాలి.

కిటికీ_వెలుగు:
కడ్డీల పరీక్ష చేసి కెమెరాను వెనక్కి జరిపానండీ, కుర్చీ కలిసిపోయింది! చాలా థ్యాంక్స్. ఇక నేల మీద ట్రైపాడ్ కాళ్లు మిగిలాయి.

గుండ్రటి_చూపు:
ట్రైపాడ్‌ను పక్కకు జరిపి, అది నిలబడిన చోటును విడిగా ఒక ఫొటో తీయండి. హగిన్‌లో కాళ్ల మీద మాస్క్ గీసి (ఆ భాగం వాడవద్దని గుర్తు పెట్టి), ఈ ఫొటో వ్యూపాయింట్ (కెమెరా ఉన్న చోటు) వేరని చెప్పి కలపండి. నేల చదునుగా ఉంటే బాగా అతుకుతుంది. అంత ఓపిక లేకపోతే వ్యూయర్‌లో కనీస పిచ్ పెట్టండి, చూపు అంత కిందకు దిగదు.