‘మనూవర్’ను తెలుగులో ఏమనాలి?

ప్రశ్న: ఒక అనువాదం చేస్తున్నానండీ. ‘మనూవర్’ (manoeuvre, నేర్పుగా కదపడం) అనే ఇంగ్లిష్ క్రియ ఒకే పుస్తకంలో లారీకీ వచ్చింది, సైన్యానికీ వచ్చింది, పార్టీ రాజకీయానికీ వచ్చింది. అన్నిచోట్లా ‘విన్యాసం’ అని రాసుకుంటూ పోతే సరిపోతుందా?

జవాబు: సరిపోదండీ. సందులోకి లారీని రివర్స్ చేస్తున్న డ్రైవరు ‘విన్యాసం’ చేస్తున్నాడంటే వాడేదో సర్కస్ ఫీట్ చేస్తున్నాడనుకుంటారు చదివేవాళ్లు.

ఆ మాట పుట్టుక చూడండి. లాటిన్‌లో ‘మను’ అంటే చేత్తో, ‘ఒపెరారి’ అంటే పని చేయడం. చేత్తో చేసే పని, అంతే. ఫ్రెంచిలో రూపం మార్చుకుని, 18వ శతాబ్దంలో సైన్యం మాటగా ఇంగ్లిష్‌లోకి వచ్చింది. తమాషా ఏమిటంటే, పొలంలో వేసే ఎరువుకు ఇంగ్లిష్ వాళ్లు వాడే ‘మెన్యూర్’ కూడా ఈ వేరు నుంచి వచ్చిందే. మొదట్లో దానికి నేల సాగు చేయడమనే అర్థం.

మన ‘విన్యాసం’ దారి వేరు. న్యాసం అంటే ఉంచడం. విన్యాసం అంటే ఒక తీరుగా అమర్చడం. పదవిన్యాసం, అంగవిన్యాసం అనేది అందుకే. సేనల్ని అమర్చి కదిపేచోట అది చక్కగా అతుకుతుంది. నేవీ డే సందర్భంగా విశాఖ ఆర్కే బీచ్‌లో జరుగుతూ వచ్చినవి నౌకాదళ విన్యాసాలే. అక్కడ వేరే మాట వెతకనక్కర్లేదు.

లారీ సంగతికొస్తే, ఇంగ్లిష్‌లో నేర్పు క్రియలోనే ఇమిడి ఉంటుంది. మనం మామూలు క్రియ వాడి, నేర్పును పక్కన పెడతాం: ఒడుపుగా తిప్పాడు, లాఘవంగా తప్పించాడు, చాకచక్యంగా దూర్చాడు. వెనక నిలబడి బండి చరుస్తూ ‘రానీ... రానీ... లెఫ్ట్ కొట్టు... ఇంకొంచెం... చాలు’ అనే క్లీనర్ని వినండి. ఆ పనంతటికీ కలిపి వాడి దగ్గర ఒక పేరేమీ లేదు. మీ వాక్యానికీ అక్కర్లేదు. ‘లారీని ఒడుపుగా సందులోకి తిప్పాడు’ అంటే పనైపోయింది.

రాజకీయంలో మాత్రం మనకు కరువే లేదు. తెరవెనక చక్రం తిప్పడం, పావులు కదపడం, మంత్రాంగం నడపడం, ఎత్తుగడ వేయడం. ‘ఆమెను మనూవర్ చేసి సంతకం పెట్టించాడు’ లాంటిది వస్తే, ‘ఎటూ కాదనలేని చోటికి తెచ్చి సంతకం పెట్టించాడు’ అనండి. ‘రూమ్ ఫర్ మనూవర్’కి ‘వెసులుబాటు’ ఉండనే ఉంది. దాన్ని ‘విన్యాసానికి స్థలం’ అని రాసినవాళ్లున్నారు, ఏం చెప్పమంటారు!

మరొకరు: అన్నీ బాగానే ఉన్నాయి గానీ, చంద్రయాన్ మాటేమిటి? ఇస్రో వాళ్లు మనూవర్ అనే అంటారుగా. ‘కక్ష్యా విన్యాసం’ అంటే తప్పేంటి?

జవాబు: తప్పని కాదండీ, అందులో విషయం దొరకదు. చంద్రయాన్-3ని 2023 జూలై 14న శ్రీహరికోట నుంచి పంపారు. ఆ తర్వాత భూమికి దగ్గరగా వచ్చినప్పుడల్లా ఇంజిన్ కాసేపు మండించారు. అలా మండించినప్పుడల్లా కక్ష్యకు అవతలి కొస మరింత దూరం జరుగుతుంది. ఆగస్టు 1న చంద్రుడి దారి పట్టించారు. అంతకుముందు భూమి చుట్టూ జరిగినదాన్ని మన పత్రికలు ‘కక్ష్య పెంపు’ అని రాశాయి. రెండే ముక్కల్లో జరిగిందేమిటో తెలిసిపోతుంది. ‘విన్యాసం’ అంటే అది ఆకాశంలో పల్టీ కొట్టిందేమో అనిపిస్తుంది. ఇక డాక్టర్ల వాడుక ఉంది: గొంతులో ముద్ద అడ్డం పడితే వెనక నుంచి పట్టుకుని పొట్ట పైభాగాన్ని నొక్కే ‘హైమ్లిక్ మనూవర్’ లాంటివి. వాటికి ‘పద్ధతి’ అంటే చాలు.

ప్రశ్న వేసినవారు: చాలా సంతోషమండీ, ‘వెసులుబాటు’ వెంటనే రాసేసుకున్నాను. ఇంకొక్కటి మిగిలింది. ‘అవుట్‌మనూవర్’ చేశాడంటే?

జవాబు: ఎత్తుకు పైఎత్తు వేశాడు. ‘చిత్తు చేశాడు’ అని మాత్రం రాయకండి, కుస్తీలోకి వెళ్లిపోతుంది.